చుక్కలు పెట్టిన సీడీలు

సీడీ మీద పేరు ఎలా వేయాలన్న ఒక్క ముక్క తేల్చడానికి మా చదివేవాళ్ళ సంఘం ఎన్ని మీటింగులు పెట్టిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ టోఫూ కొట్లో నిలబడ్డ మనిషిని నేను. సోయా పాలు పొంగేలోపు ఏ సంగతైనా తేల్చేయడం నాకు అలవాటు. గుండ్రంగా కూర్చుని, టీ తాగుతూ, ఊరగాయ ముల్లంగి కొరుకుతూ, ఒకరి మాటకు ఇంకొకరు తలూపుతూ సాయంత్రం దాకా గడిపేయడం నా వల్ల కాదు. అయినా వెళ్ళేదాన్ని. నా గొంతు పెద్దది కాబట్టి పత్రికలో సగం పేజీలు నేనే చదవాలి మరి.

మా కజానే రేవులో పురపాలక ఆఫీసు నెలనెలా ఒక పత్రిక వేస్తుంది. చెత్తబండి ఏ రోజు వస్తుంది, టీకాలు ఎప్పుడు, ఎవరింట్లో బిడ్డ పుట్టింది, ఎవరు పోయారు, అన్నీ అందులో ఉంటాయి. చూపు లేనివాళ్ళ కోసం దాన్ని గట్టిగా చదివి, రికార్డు చేసి పంపడం మా పని. క్యాసెట్ల రోజుల్లో ఏ చిక్కూ లేదు. గుడ్డ సంచిలో క్యాసెట్ పెట్టి పంపేవాళ్ళం. వాళ్ళు విని, సంచి మీది చీటీ తిరగేసి, మా చిరునామా పైకి వచ్చేలా పెట్టి పోస్టు డబ్బాలో వేసేవాళ్ళు. చూపు లేనివాళ్ళ పోస్టుకి స్టాంపు కూడా అక్కర్లేదు. మేం అదే క్యాసెట్ మీద వచ్చే నెల పత్రిక చదివేవాళ్ళం.

తర్వాత క్యాసెట్ పెట్టెలు కొట్లలో దొరకడం మానేశాయి. కరెంటు సామాన్ల కొట్టు మూసేసి ఇంట్లో ఖాళీగా కూర్చున్న నిషియో గారు, "ఇంకెన్నాళ్ళు టేపులు? నా కంప్యూటర్లో సీడీలు కొట్టి ఇస్తాను," అన్నాడు. మాట్లాడుకోవడానికి ఇంకేం లేదనుకున్నాను. పేరు సంగతి అప్పుడు మొదలైంది.

నిషియో గారు మొదటి నెలే గుండ్రటి కాగితం స్టిక్కర్ల మీద సముద్రం బొమ్మ అచ్చువేసి తెచ్చాడు. అలలు, పడవ, పైన సీగల్ పిట్ట.

"చూపు లేనివాళ్ళకి పిట్ట బొమ్మ దేనికయ్యా?" అన్నాను.

"ఇంట్లో చూపున్నవాళ్ళు ఉంటారు కదా తోకియే గారూ. బోసిగా ఇస్తే ఏం బాగుంటుంది?"

ఎండలు ముదిరాక ఆ పిట్ట ఒకరింటి సీడీ మోగించే పెట్టెలో ఊడి, లోపల అతుక్కుని కూర్చుంది. నిషియో గారే వెళ్ళి పట్టకారుతో లాగి, పది సార్లు వంగి దండం పెట్టి వచ్చాడు.

పుచ్చకాయల తోట ఉన్న హత్సుయే, చిన్నప్పటి నుంచీ నా పక్క బెంచీ, పెన్నుతో నెల పేరు రాసి పడేద్దామంది. మా సంఘానికి పెద్ద సెగావా గారు. పోస్టాఫీసులో జీవితమంతా పనిచేసి రిటైరైంది. తలుపు తగిలినా తలుపుకి క్షమాపణ చెప్పే మనిషి. ఆవిడ పెన్ను అనే మాట వినగానే చిన్నబోయింది.

"పెన్నుతో గీసి ఇవ్వడం... చేపలు చుట్టే కాగితం మీద శుభలేఖ రాసినట్టుండదూ?" అంది మెల్లగా. మళ్ళీ తనే, "బ్రెయిలీ అయితే ఎలా ఉంటుందంటారు? పల్చటి టేపు మీద చుక్కలు గుచ్చి, సీడీ మధ్య కన్నం పక్కన అంటిస్తే?" అంది.

అందరం ఒక్కసారే తలూపాం. చూపు లేనివాళ్ళకి బ్రెయిలీ. ఇంతకంటే పద్ధతైనది ఇంకేముంటుంది? సెగావా గారు టేపు మీద చుక్కలు గుచ్చే చేతి మిషన్ ఒకటి సొంతంగా కొనుక్కుని, పుస్తకం పెట్టుకుని నేర్చుకుంది. మర్దనా చేసే ఒరితా గారు పుట్టు గుడ్డి. ఆయన వేలితో తడిమి, "తప్పుల్లేవు, చక్కగా ఉంది," అన్నాడు. ఇంక మాకు పట్టపగ్గాల్లేవు.

అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది మా వీధి చివర ఇంట్లో ఉండే ఫుమియే అక్క. సొంత అక్క కాదు, మా వీధి ఆడపిల్లలందరికీ అక్క. అరవై దాటాక కళ్ళు మసకబారుతూ వచ్చి, చివరికి వెలుతురు తప్ప ఏమీ లేకుండా పోయింది. సీడీ అందిన మర్నాడు సెగావా గారికి ఫోన్ చేసేది. "ఆ చుక్కలు ఎంత ముచ్చటగా ఉన్నాయో అండీ. మీకెంత శ్రమో," అనేది. ఫోన్ పెట్టేశాక సెగావా గారు కళ్ళు ఒత్తుకుని ఇంకో నెల చుక్కలు గుచ్చడానికి కూర్చునేది.

అక్క భర్త సోహేయి గారు మా దీవుల పడవలో పనిచేసేవాడు. ఒక్కో రేవు వచ్చినప్పుడు పేరు పిలిచి, జనాన్ని దించి, ఎక్కించుకునే పని. ఉద్యోగం చివరి రోజున తోటివాళ్ళు ఆయన పిలుపులన్నీ క్యాసెట్‌లో పట్టి కానుకగా ఇచ్చారు. ఆయన పోయాక అక్క సాయంత్రం అన్నం ముందు కూర్చుని ఆ క్యాసెట్ పెట్టుకునేది. వీధిలోంచి వెళ్తుంటే వినపడేది, ఇంజను చప్పుడూ, "కుజిమా, కుజిమా" అన్న పిలుపూ. ఆ క్యాసెట్ సాగిపోతోందని నిషియో గారు దాన్ని కూడా సీడీ చేసిపెట్టాడు. కాపీ అయిన మర్నాడే టేపు తెగింది. అంతా ఒక పద్ధతిలో ఉండాలని సెగావా గారు ఆ సీడీకి కూడా చుక్కల టేపు అంటించింది. "పడవ, సోహేయి గారు" అని.

జూన్ వానలు పడుతున్న రోజుల్లో అక్క నాకు ఫోన్ చేసింది.

"తోకియే, మీ దగ్గరికి తిరిగొచ్చిన సీడీల్లో వేరే రకంగా మోగేది ఏమైనా ఉందా? ఏం లేదులే, ఊరికే అడిగా," అని పెట్టేసింది.

ఊరికే అడిగే గొంతు కాదది. గిన్నెలో టోఫూ ముక్క వేసుకుని వెళ్ళాను. అక్క చిక్కిపోయి ఉంది. పొయ్యి మీద పొద్దుటి అన్నం అలాగే ఉంది. బల్ల మీద సీడీలన్నీ పరిచి, ఒక్కొక్కటీ పెట్టెలో వేసి కాస్త విని తీసేస్తోంది.

"ఏం పోయింది అక్కా?"

"ఆయన," అంది. "సాయం చేసే పిల్ల వచ్చి అలమర సర్దింది. మంచిదే పాపం, అన్నీ ఒక దొంతర పేర్చింది. నేను పైది పాత పత్రిక అనుకుని సంచిలో పెట్టి పోస్టు చేసేశా. ఆయన్నే పంపించేశానే తోకియే. మూడు వారాలైంది. ముద్ద దిగట్లేదు."

సీడీలు తిరిగి పంపక్కర్లేదని మేం అందరికీ చెప్పాం. అయినా సగం మంది పంపుతూనే ఉన్నారు. అరువు తెచ్చుకున్న వస్తువు ఇంట్లో ఉంచుకోవడం వాళ్ళకి నిద్రపట్టని సంగతి.

"మరి చుక్కలు చూసుకోలేదా? ఆయన పేరుంది కదా దాని మీద?"

అక్క తల దించుకుంది. తప్పు చేసిన చిన్నపిల్లలా చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఏ చుక్కలే? నాకవి చీమలు పాకినట్టుంటాయి, అంతే. ఈ వయసులో అవన్నీ ఎక్కడ నేర్చుకోను? క్యాసెటప్పుడు హాయిగా ఉండేది. ఆయన క్యాసెట్‌కి, దాని మీద ఇంకేదీ రికార్డు కాకుండా, వెనక రెక్క విరిచి ఉండేది, వేలు పెడితే తెలిసిపోయేది. వీటికి ముందూ వెనకా కూడా తెలీదు. కొత్తది పైన, పాతది కింద, ఆయన గోడ పక్కన. అలా గుర్తు పెట్టుకుని నెట్టుకొచ్చా."

"మరి నెలనెలా ఫోన్ చేసి ముచ్చటగా ఉన్నాయన్నావు కదా!"

"సెగావా గారు కూర్చుని ఒక్కొక్కటీ గుచ్చిందటగా? అర్థం కాలేదని ఏ నోటితో చెప్పను?"

నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. అక్క మీద కాదు. ఇంతమందిమి కూర్చుని టీ గిన్నెలు ఎండిపోయేదాకా టీలు తాగాం, 'మీకు బ్రెయిలీ వచ్చా' అని ఒక్కరమూ అడగలేదు. అడిగితే 'రాదా?' అన్నట్టుంటుందని, వినేవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని అడగలేదు. వాళ్ళు చెబితే మేం నొచ్చుకుంటామని వాళ్ళు చెప్పలేదు. మా ఊళ్ళో మర్యాద ఇలాగే ఉంటుంది. దాన్ని పట్టుకుని రెండు తగిలించాలనిపించింది.

నిషియో గారింటికి పరిగెత్తాను. "మీ కంప్యూటర్లో సోహేయి గారి గొంతు ఉంటుంది కదా, ఇంకో సీడీ కొట్టండి," అన్నాను.

ఆయన కంప్యూటర్ వంక చూశాడు. "చెరిపేశానండీ. ఒకరింటి మనిషి గొంతు నా దగ్గర ఉంచుకోవడం మర్యాద కాదని..."

"మీ మర్యాద మండ!" అనేశాను. "తిరిగొచ్చిన సీడీలు ఏమయ్యాయి?" అని అడిగితే తల గోక్కున్నాడు. పారేయడానికి మనసొప్పక అన్నిటినీ హత్సుయేకి ఇచ్చాడట, కాకులకి.

మా వైపు తోటల్లో పాత సీడీలు దారాలకి కట్టి వేలాడదీస్తారు. గాలికి తిరుగుతూ తళతళలాడుతుంటే కాకులు దగ్గరికి రావని. నేను వెళ్ళేసరికి వాన తెరిపిచ్చి ఎండ కాస్తోంది. హత్సుయే తోట చుట్టూ సీడీలు మెరుస్తున్నాయి. వాటి కిందే రెండు కాకులు తీరిగ్గా నిలబడి పుచ్చకాయ పొడుచుకు తింటున్నాయి.

"ఏమే, వీటి మీద చుక్కల టేపులుండాలి, ఏవీ?"

"పీకేశా. టేపుంటే మెరవట్లేదు," అంది హత్సుయే గొడుగు టోపీ వెనక్కి తోసి. "ఏం, మళ్ళీ కావాలా?"

సంగతి చెప్పాను. ఆవిడ మొహం తెల్లబోయింది. ఇంకేమీ అడక్కుండా కత్తెర తెచ్చింది. ఇద్దరం బురదలో దిగి దారాలు కోసుకుంటూ పోయాం. ఒక్కో సీడీ తీసి చూస్తే నాకు భయమేసింది. వెనకవైపు ఉండాల్సిన నీలిరంగు కొన్నిటికి సగం వెలిసిపోయి ఉంది.

"ఎండకి వీటిలో రాసింది చెరిగిపోతుందటే," అన్నాను.

"నాకెవరు చెప్పారే ఆ సంగతి? చెబితే కట్టేదాన్నా?" అంటూ హత్సుయే కళ్ళు తుడుచుకుంది. బురద చేతులు కావడంతో మొహమంతా అయ్యింది. నవ్వాలనిపించింది కానీ నవ్వలేదు.

నిషియో గారి ముందుగదిలో వాటిని కడిగి, తుడిచి, ఒక్కొక్కటీ పెట్టి వినడం మొదలుపెట్టాం. సెగావా గారికి కబురు పెడితే వచ్చి గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. అక్కకి చుక్కలు రావన్న మాట విన్నాక ఆవిడ అక్కడి నుంచే ఒక్కో సీడీ తుడిచి అందించింది. సీడీల్లోంచి నా గొంతే వచ్చేది. "కాలే చెత్త మంగళవారం, శుక్రవారం. సీసాలు రెండో బుధవారం." తీసి ఇంకోటి పెడితే, "దోమల మందు కొట్టే తేదీలు." ఇంకోటి పెడితే, "రేవు వీధి పండగకి డప్పు కొట్టేవాళ్ళు కావలెను."

"తోకియే గారూ, మీరిలా అరుస్తారా?" అన్నాడు నిషియో గారు, చెవి మీద చెయ్యి పెట్టుకుని.

"మీరింక మాట్లాడకండి."

కొన్ని అసలు మోగనే లేదు. పెట్టెలో గిరగిరా తిరిగి ఆగిపోయేవి. ఒక్కోటి అలా ఆగినప్పుడల్లా అది సోహేయి గారిదేమోనని మళ్ళీ తీసి, తుడిచి పెట్టేవాళ్ళం. నాలుగో వంతు మిగిలి ఉండగా ఇంజను చప్పుడు వినపడింది. వెనకే, "తాడు వేస్తున్నాం, వెనక్కి జరగండమ్మా." హత్సుయే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సెగావా గారు ఏడ్చేసింది.

నిషియో గారు ఆ సీడీని నిదానంగా, వీలైనంత నిదానంగా కంప్యూటర్లోకి ఎక్కించాడు. అయ్యాక మా వంక చూడకుండా అన్నాడు. "మధ్యలో ఒక చోట రావట్లేదు. ఎన్నిసార్లు చూసినా అంతే. మిగతాది బానే ఉంది."

మర్నాడు సాయంత్రం కొత్త సీడీ పట్టుకుని నలుగురం అక్క ఇంటికి వెళ్ళాం. సెగావా గారు చాప మీద నుదురు ఆనించి క్షమాపణ చెప్పింది. "అయ్యో, లేవండి, నేనే చెప్పాల్సింది," అంటూ అక్క కూడా వంగింది. ఇద్దరి తలలూ ఠంగున తగిలాయి. ఇద్దరూ మళ్ళీ క్షమాపణ చెప్పుకున్నారు. నేను కలగజేసుకోకపోతే తెల్లారేదాకా అదే జరిగేది.

మధ్యలో కొంత పోయిందని ముందే చెప్పమని నిషియో గారికి సైగ చేశాను. ఆయన నోరు తెరిచి, చెప్పలేక మూసుకున్నాడు. ఆలోపే అక్క సీడీ పెట్టేసింది.

ఇంజను చప్పుడు గదంతా నిండింది. "కుజిమా, కుజిమా. చేపల బుట్టలవాళ్ళు ముందు దిగండి." అక్క మొహంలో మూడు వారాల అలసట పోతూ ఉండటం నా కళ్ళతో చూశాను. ఇంజను చప్పుడు మళ్ళీ పెరిగింది, తగ్గింది, అప్పుడే ఉన్నట్టుండి ఆగిపోయింది. ఏమీ లేదు. నిషియో గారు చాప వంక చూస్తూ ఉండిపోయాడు.

"హిరాసే, హిరాసే," అంది అక్క. గొంతు పెంచకుండా, తడుముకోకుండా. "గట్టు నాచుపట్టింది, చూసి దిగండి. గొడుగులు మర్చిపోకండి."

ఆ మాట అయ్యీ అవ్వగానే ఇంజను చప్పుడు తిరిగి వచ్చింది. సోహేయి గారు తర్వాతి దీవి పేరు పిలిచాడు. అక్క మా వైపు తిరిగి, "హిరాసే పోయిందా? పోనీలెండి, అది నాకు వచ్చు," అంది.

నేను లేచి వంటింట్లోంచి అన్నమూ అక్క గిన్నే తెచ్చి పక్కన పెట్టుకున్నాను.

చివరికి సెగావా గారే ధైర్యం చేసింది. మా సంఘం పెట్టిన దగ్గర్నుంచీ ఎవరూ అడగని మాట అడిగింది. "ఫుమియే గారూ, సీడీకి ఏం పెడితే మీకు తెలుస్తుంది?"

అక్క చాప అంచు సవరించింది. మొహమాటం ఇంకా ఉంది. నేను మోకాలితో పొడిచాను. "చెప్పక్కా. మళ్ళీ ముచ్చటగా ఉన్నాయంటే నేనూరుకోను."

"పెద్దగా ఏం వద్దండి," అంది. "వేలికి తగిలే గడ్డ ఒకటుంటే చాలు. చీమంతది కాదు, బఠాణీ పప్పంత."

నిషియో గారు జేబులోంచి జిగురు గొట్టం తీశాడు. వెంట తెచ్చిన పాడైన సీడీ ఒకటి తీసుకుని మధ్య కన్నం పక్కన చుక్క వేసి ఊదాడు. అది గట్టిపడేదాకా హత్సుయే పుచ్చకాయ కోసింది. ఏ కాకీ ముట్టనిదేనని రెండుసార్లు చెప్పి మరీ పెట్టింది. జిగురు ఆరాక అక్క వేలు పెట్టి తిప్పింది.

"తెలుస్తోంది! ఇదీ పైవైపు. పత్రిక అన్నమాట." చిన్నపిల్లలా రెండు మూడు సార్లు తడిమింది. "ఇలాగే పెట్టండి. విన్నవి నేను సంచిలో వేసేస్తా, కాకులకి ఇచ్చుకోండి."

"ఇక సోహేయి గారిదానికి," అన్నాడు నిషియో గారు ఉత్సాహంగా, "చిన్న పడవ ఆకారం వేస్తాను. చేత్తో వేయొచ్చు, రాత్రి ఇంట్లో కూర్చుని వేసి చూశా." జిగురు గొట్టం మూత మళ్ళీ తీశాడు.

అక్క పెట్టెలోంచి సీడీ తీసి రెండు అరచేతుల మధ్య పట్టుకుంది. "దీనికి వద్దండి."

"అదేంటక్కా? దీనికే కదా ముందు పెట్టాలి! మళ్ళీ కలిసిపోతే?"

"కలవదు. మీవన్నీ వచ్చిపోయేవి. వచ్చిపోయేవాళ్ళు గుమ్మంలో పేరు చెప్పుకోవాలి. ఇంట్లో మనిషి పేరు చెప్పుకుని లోపలికొస్తాడా ఏంటే?"

నిషియో గారు జిగురు గొట్టానికి మూత పెట్టేశాడు. ఇంకో కాపీ తన దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగాడు, ఈసారి నోరు తెరిచి. ఉంచుకోమంది అక్క. సీడీ చుట్టూ వేలు తిప్పి చూసింది. ఎక్కడా ఏమీ తగల్లేదు. దాన్ని మళ్ళీ పెట్టెలో వేసి, నా వైపు చెయ్యి చాపింది.

"తోకియే, ఆ అన్నం గిన్నె ఇటివ్వు. కొంచెం కాదు, నిండా పెట్టు. ఆకలేస్తోంది."